గోనెపట్టపై కూర్చున్న బాలుడు: డాక్టర్ అంబేద్కర్ విద్యార్థి జీవితం

మహాపురుషుల జీవిత చరిత్రలను మనం సాధారణంగా వారు సాధించిన విజయాల నుంచి వెనుకకు చదువుతాం. డాక్టర్ భీమరావు రామ్‌జీ అంబేద్కర్ పేరు వినని విద్యార్థి మన దేశంలో ఉండడు. ఆయన విగ్రహం లేని ఊరు తెలుగునాట అరుదు. నీలిరంగు కోటు, చేతిలో రాజ్యాంగ గ్రంథం, ముందుకు చాచిన చూపుడువ్రేలు - ఈ రూపమే మన కన్నులకు పరిచితం. అయితే ఆ విగ్రహం వెనుక తొమ్మిదేళ్ళ బాలుడొకడు నిలిచి ఉన్నాడు. అతని చేతిలో పుస్తకాలతోపాటు చుట్టిన గోనెపట్ట ఒకటి ఉంది. ప్రతి ఉదయం దానిని ఇంటి నుంచి బడికి, ప్రతి సాయంత్రం బడి నుంచి ఇంటికి అతడు మోసుకొని పోవలసిందే. ఆ బాలుని కథే ఈ వ్యాసం. విద్యాలయాలలో జరిగే అవమానాలను ఎవరు చూస్తారు, ఎవరు చెబుతారు, ఎవరు వింటారు అన్న ప్రశ్నకు ఆ జీవితంలో సమాధానం దొరుకుతుంది.

భీమరావు 1891 ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతంలోని మౌ సైనిక స్థావరంలో జన్మించాడు. రామ్‌జీ మాలోజీ సక్పాల్, భీమాబాయి దంపతులకు అతడు పదునాల్గవ సంతానం. వారి స్వస్థలం కొంకణ ప్రాంతంలోని రత్నగిరి జిల్లా. తండ్రి సైన్యంలో సుబేదారు హోదా పొందినవాడు. సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా అనేక సంవత్సరాలు పనిచేశాడు. కబీరు పంథాను అనుసరించే ఆ ఇంట భజనలకు, చదువుకు లోటు లేదు. కాని వారు మహార్ కులస్థులు. ఆనాటి సంఘం దృష్టిలో అస్పృశ్యులు. తండ్రి సంపాదించిన హోదా, వేసుకున్న యూనిఫారం, నేర్చిన విద్య - ఏవీ ఆ ముద్రను చెరపలేకపోయాయి. ఉద్యోగ విరమణ తరువాత కుటుంబం సతారా పట్టణం చేరింది. అక్కడనే తల్లి కన్నుమూసింది. మేనత్త మీరాబాయి పిల్లలను పెంచింది.

1900 నవంబరు 7వ తేదీన భీమరావు సతారా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చేరాడు. మహారాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి ఆ తేదీని విద్యార్థి దినంగా జరుపుతున్నది. ఒక బాలుడు బడిలో చేరిన రోజు ఒక రాష్ట్రానికి పర్వదినం కావడం విశేషమే. కాని ఆ బడిలో అతడు గడిపిన దినాలు పర్వదినాలు కావు.

తరగతిలో పిల్లలు చదువులో తాము పొందిన స్థానాన్ని బట్టి వరుసగా కూర్చునేవారు. భీమరావుకు ఏ స్థానం వచ్చినా కూర్చోవలసింది మాత్రం ఒక మూలనే, ఒంటరిగా. అతనికి వేరుగా గోనెపట్ట. గది ఊడ్చే నౌకరు ఆ పట్టను ముట్టడు. అందుచేత దానిని ప్రతిరోజూ ఇంటికి తీసుకొనిపోయి, మరునాడు మళ్ళీ తెచ్చుకోవాలి. దాహం వేస్తే తక్కిన పిల్లలు ఉపాధ్యాయుని అనుమతితో కుళాయి వద్దకు పోయి, తిప్పుకొని, నీళ్ళు త్రాగి వచ్చేవారు. అతడు కుళాయిని తాకరాదు. బడి బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్ళు. బంట్రోతు రాని రోజు నీళ్ళు లేవు. మంగలి అతని తల ముట్టడు. అక్కయ్యే జుట్టు కత్తిరించాలి. చాకలి బట్టలు ఉతకడు. ఇంటి ఆడపడుచులే ఉతకాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ అవమానంలో కేకలు లేవు, దెబ్బలు లేవు. ఎవరూ ఆ బాలుని మీద చెయ్యి చేసుకోలేదు. తరగతి సక్రమంగానే నడిచింది. పాఠం చెప్పే గురువు చెబుతూనే ఉన్నాడు. వినే పిల్లలు వింటూనే ఉన్నారు. మూలన ఒకడు దాహంతో కూర్చున్నాడన్నది ఆ గదిలో ఎవరికీ వింతగా తోచలేదు. అన్యాయం అలవాటుగా మారినప్పుడు అది కంటికి కనబడదు. ఎవరికైనా చెప్పుకుందామంటే, వినవలసినవారే ఆ మూలను కేటాయించినవారు.

అయితే ఆ పాఠశాలలో అందరూ ఒకే మూసలో పోసినవారు కారు. అంబేద్కర్ అనే ఇంటిపేరు గల ఉపాధ్యాయుడొకరు మధ్యాహ్న విరామంలో తన రొట్టె, కూర ఈ బాలునికి పెట్టేవారని, ఆ అభిమానం వల్లనే ఆ ఇంటిపేరు భీమరావుకు నిలిచిందని ఆయన జీవిత చరిత్రకారులు చెబుతారు. మరొక ఉపాధ్యాయుడు పెండ్సే, వానలో తడిసి వచ్చిన ఈ పిల్లవాణ్ణి తన ఇంటికి పంపి వేడినీళ్ళ స్నానం చేయించి, పొడిబట్ట ఇప్పించారట. ఆ గురువుల చేతిలో చట్టం లేదు, అధికారం లేదు. ఒక రొట్టెముక్క, ఒక పొడిబట్ట మాత్రమే ఉన్నాయి. ఆ రెండింటినీ శిష్యుడు జీవితాంతం మరువలేదు.

1901లో జరిగిన ఒక ప్రయాణం ఆ బాలుని మనస్సుపై చెరగని ముద్ర వేసింది. తండ్రి ఆ సమయంలో ఖటావ్ తాలూకాలోని గోరేగావ్‌లో ఖజాంచిగా ఉన్నాడు. కరవు బాధితులకు పని కల్పించేందుకు ప్రభుత్వం అక్కడ చెరువు త్రవ్విస్తున్నది. వేసవి సెలవులకు రమ్మని తండ్రి జాబు వ్రాశాడు. పిల్లల ఆనందానికి మేర లేదు. కొత్త చొక్కాలు, మెరిసే టోపీలు, పట్టుఅంచు ధోవతులు, కొత్త జోళ్ళు! సోదరునితో, అక్క కొడుకులతో కలసి భీమరావు రైలెక్కి మసూర్ స్టేషనులో దిగాడు. వస్తున్నామని ముందే ఉత్తరం వ్రాశారు గాని నౌకరు పొరపాటున అది తండ్రికి అందలేదు. ఎవరూ ఎదురు రాలేదు. ప్రయాణికులందరూ వెళ్ళిపోయారు. మంచి దుస్తులలో ఉన్న పిల్లలను చూచి స్టేషను మాస్టరు ఆప్యాయంగా పలుకరించాడు. ఎవరి పిల్లలని అడిగాడు. తాము మహార్లమని బాలుడు అమాయకంగా చెప్పాడు. ఆ క్షణంలోనే ఆ పెద్దమనిషి ముఖం మారిపోయింది. మారు మాట లేక తన గదిలోకి వెళ్ళిపోయాడు.

స్టేషను బయట ఎడ్లబండ్లు ఉన్నాయి. ఏ బండివాడూ వీరిని ఎక్కించుకోనన్నాడు. రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఒప్పలేదు. చివరికి ఒక బండివాడు షరతు మీద అంగీకరించాడు: పిల్లలే బండి తోలుకోవాలి, తాను ప్రక్కన నడచి వస్తాడు. దారిలో ఒక ఏటి ఒడ్డున అన్నం తినడానికి ఆగారు. వారికి దొరికిన నీళ్ళు పేడ, పశువుల మూత్రం కలసిన మడుగులోనివి. అన్నం మూట విప్పినవారు కడుపు నిండకుండానే కట్టివేశారు. చీకటి పడింది. అర్ధరాత్రి వేళకు సుంకపు గుడిసె చేరారు. మహార్లమని చెబితే నీళ్ళు ఇవ్వరని, ముసల్మానులమని చెప్పి అడిగి చూడమని బండివాడు సలహా ఇచ్చాడు. భీమరావుకు ఉర్దూ బాగా వచ్చు. సుంకం వసూలు చేసే మనిషి దగ్గరకు పోయి ఉర్దూలోనే మాట్లాడి నీళ్ళడిగాడు. ఫలితం లేదు. మీ కోసం ఇక్కడ నీళ్ళెవరు పెట్టారని అతడు కసరి పంపాడు. ఆ రాత్రి పిల్లలు ఆకలితో, దాహంతో బండిలోనే పండుకున్నారు. మరునాటి ఉదయం గోరేగావ్ చేరారు.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాల ప్రాంగణంలో ఈ ఘట్టాన్ని ఒక్కసారి మనస్సులో ఊహించుకోవాలి. తొమ్మిది పది సంవత్సరాల బిడ్డ గుక్కెడు నీళ్ళ కోసం తన పుట్టుకను దాచుకొని, తనకు వచ్చిన మరొక భాషను ఆశ్రయించాడు. భాష అతనికి వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు. తాను ఎవరో దాచుకోవలసిన అవసరం పిల్లవానికి కలిగిందంటే, అక్కడ పెద్దల లోకం అప్పటికే ఓడిపోయింది.

కొంతకాలానికి కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లోని కార్మికుల చావడిలో ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. భీమరావు ఎల్‌ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చేరాడు. అది మహానగరంలోని ప్రభుత్వ పాఠశాల. ఇక్కడైనా మూల తప్పుతుందనుకున్నాడు. ఒకనాడు ఉపాధ్యాయుడు లెక్క చేయమని అతణ్ణి నల్లబల్ల వద్దకు పిలిచాడు. ఆ బల్ల వెనుక పిల్లలు తమ భోజనపు డబ్బాలు పెట్టుకునేవారు. అతని నీడ సోకితే అన్నం మైలపడుతుందని తరగతి అంతా ఒక్కసారి లేచి, డబ్బాలు తీసుకోవడానికి పరుగెత్తింది. డబ్బాలు తీసిన తరువాతే అతడు సుద్దముక్క చేతబట్టి లెక్క చేశాడు. సంస్కృతం చదవాలన్న కోరిక కూడా అక్కడ నెరవేరలేదు. ఆ భాష చెప్పడానికి గురువు అంగీకరించకపోవడంతో పర్షియన్ తీసుకున్నాడు. సంస్కృతాన్ని తరువాత స్వయంకృషితో అభ్యసించాడు.

1907లో భీమరావు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ కులంలో అది అపూర్వమైన ఘటన. అభినందన సభ జరిగింది. విల్సన్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను మరాఠీలో వ్రాసిన బుద్ధుని జీవితాన్ని ఆ సభలో అతనికి బహూకరించారు. ఉద్యానవనంలో ఒంటరిగా కూర్చొని చదువుకునే ఈ బాలుణ్ణి కేలూస్కర్ అంతకు ముందే గమనించి, పలుకరించి, పుస్తకాలిచ్చి ప్రోత్సహించేవారు. బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ వద్ద నెలకు 25 రూపాయల విద్యార్థి వేతనం లభించడానికి కూడా ఆయనే తోడ్పడ్డారు. ఆ వేతనంతో భీమరావు ఎల్‌ఫిన్‌స్టన్ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. కళాశాలలో కూడా ఫలహారశాల యజమాని అతనికి టీ గాని నీళ్ళు గాని ఇచ్చేవాడు కాదు.

1913లో బరోడా మహారాజు సహాయంతోనే అంబేద్కర్ అమెరికా వెళ్ళి న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ తొలిసారిగా ఆయన ఇతర విద్యార్థుల సరసన ఒకే బల్ల వద్ద భోజనం చేశారు. ఎవరూ డబ్బాలు తీసుకొని పరుగెత్తలేదు. తరువాత లండన్‌లో అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదివారు. ఎం.ఏ., పి.హెచ్.డి., ఎం.ఎస్‌సి., డి.ఎస్‌సి., బారిస్టరు - ఇన్ని పట్టాలు ఆనాడు దేశంలో ఎంతమందికి ఉన్నాయి?

అయినా స్వదేశంలో గోనెపట్ట ఆయనను విడువలేదు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే నగరంలో ఉండడానికి ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్శీ వసతిగృహం నుంచి కర్రలు పట్టుకొని వచ్చినవారు వెళ్ళగొట్టారు. 1918లో బొంబాయి సిడెన్‌హాం కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడుగా చేరినప్పుడు, ఉపాధ్యాయుల గదిలోని నీళ్ళకుండను ఆయన ముట్టుకోవడానికి కొందరు సహోద్యోగులు అభ్యంతరం చెప్పారు. సతారాలో కుళాయి, బొంబాయిలో కుండ! మధ్య సముద్రాలు దాటిన చదువు ఉన్నది. మారవలసింది మాత్రం మారలేదు. వ్యక్తి ఎంత ఎదిగినా చుట్టూ ఉన్న అలవాటు మారకపోతే అవమానం ఆగదని ఆయన గ్రహించారు. అక్కడి నుంచి ఆయన జీవితం ఒక మలుపు తిరిగింది. తనకు జరిగినది తన ఒక్కడి దుఃఖంగా దాచుకోక, దానిని ప్రజల ఎదుట, ప్రభుత్వం ఎదుట సాక్ష్యంగా ఉంచడం ఆరంభించారు.

1920లో కొల్హాపూర్ సాహు మహారాజు సహాయంతో మూక్‌నాయక్ పత్రికను స్థాపించారు. నోరులేనివారి నాయకుడని దాని పేరుకు అర్థం. 1924లో బహిష్కృత హితకారిణీ సభను నెలకొల్పారు. 1927 మార్చి 20వ తేదీన మహాడ్ పట్టణంలో వేలాది అనుచరులతో నడచి వెళ్ళి చవదార్ చెరువు నీటిని దోసిట పట్టి త్రాగారు. ఆ చెరువు అందరిదని పురపాలక సంఘం అంతకు ముందే తీర్మానించింది. తీర్మానం కాగితం మీద ఉన్నది. నీళ్ళు చెరువులో ఉన్నాయి. త్రాగే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. హక్కు వ్రాసి పెట్టినంత మాత్రాన చాలదు, దానిని వినియోగించుకోవాలి అన్నది మహాడ్ నేర్పిన పాఠం.

విద్యార్థులమైన మనకు ఆయన జీవితంలో ఇంతకంటె దగ్గరగా ఉండే భాగం మరొకటి ఉన్నది. దానిని గురించి సభలలో అంతగా మాట్లాడుకోరు. బొంబాయి శాసనమండలి సభ్యుడైన అంబేద్కర్ 1927లో విద్యాపద్దు మీద మాట్లాడుతూ అంకెలు చదివి వినిపించారు. ప్రాథమిక విద్యలో ప్రతి వెయ్యిమంది జనాభాకు అగ్రవర్ణ హిందువులలో 119 మంది, మహమ్మదీయులలో 92 మంది, మధ్యతరగతి కులాలలో 38 మంది చదువుతుండగా, అణగారిన తరగతులలో 18 మంది మాత్రమే ఉన్నారు. కళాశాల విద్యకు వచ్చేసరికి ఆ తరగతుల సంఖ్య దాదాపు శూన్యం. బడి తలుపు తెరిచే ఉందని ప్రభుత్వం చెబుతున్నప్పుడు, లోపలికి పోయినవారు ఎంతమంది అని లెక్కించి చూపడమే ఆయన పద్ధతి.

1928లో సైమన్ కమిషన్‌కు బహిష్కృత హితకారిణీ సభ పక్షాన ఆయన బొంబాయి రాజధానిలో అణగారిన వర్గాల విద్యాస్థితిని గురించి ఒక నివేదిక సమర్పించారు. అందులో పాత దస్త్రాల నుంచి ఒక సంగతి వెలికి తీశారు. 1856 జూన్‌లో ధార్వాడ్‌లో ఒక మహార్ బాలుడు రుసుము చెల్లిస్తానన్నా ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకోలేదని బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. న్యాయం ఆ బాలుని పక్షానే ఉన్నదని ప్రభుత్వం ఒప్పుకున్నది. ఒప్పుకొని కూడా, ఒక్కనికోసం మిగిలిన పిల్లలు బడి మానివేస్తారన్న కారణంతో అర్జీని త్రోసిపుచ్చింది. ఆ విషయం పై అధికారుల దాకా వెళ్ళింది. 1858లో, ప్రభుత్వ ధనంతో నడిచే పాఠశాలలు అన్ని వర్గాల పిల్లలకూ తెరచి ఉండాలన్న విధానం స్థిరపడింది.

ఆ బాలుని జీవితం తరువాత ఏమైనా, అతడు పెట్టిన ఒక్క అర్జీ దస్త్రంలో నిలిచింది. డెబ్బది రెండు సంవత్సరాల అనంతరం మరొక మహార్ విద్యార్థి, అప్పటికి బారిస్టరై, ఆ కాగితాన్ని దుమ్ము దులిపి ప్రభుత్వం ముందు సాక్ష్యంగా నిలబెట్టాడు. త్రోసివేసిన అర్జీ కూడా వ్యర్థం కాదని చెప్పడానికి ఇంతకంటె దృష్టాంతం కావాలా? నోటిమాటగా గొణుక్కుని ఊరుకొని ఉంటే ఆ అన్యాయానికి సాక్ష్యమే మిగిలేది కాదు.

అదే 1928లో బొంబాయి ప్రభుత్వం స్టార్టే అనే అధికారి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. అస్పృశ్యుల కష్టనష్టాలను విచారించడం దాని పని. అంబేద్కర్, ఠక్కర్ బాపా, డాక్టర్ సోలంకి అందులో సభ్యులు. ఖాందేశ్ జిల్లాలలో విచారణ అంబేద్కర్ వంతుకు వచ్చింది. 1929లో చాలీస్‌గావ్ స్టేషనులో దిగితే ఆయనను ఎక్కించుకోవడానికి ఏ టాంగావాడూ సమ్మతించలేదు. స్థానిక మహార్లు టాంగా మాత్రం అద్దెకు తీసుకొని తమలో ఒకరిచేత తోలించారు. అలవాటులేని చేతులు, బండి మోరీ మీద తలక్రిందులై ఆయన కాలు విరిగింది. వివక్షను విచారించడానికి వచ్చిన ప్రభుత్వ ప్రతినిధికే వివక్ష ఎదురైంది. 1930లో ఆ సంఘం నివేదిక సమర్పించింది. పిల్లలను వేరే బడులకు పంపడం కంటె, సామాన్య పాఠశాలలలోనే సమానంగా కూర్చోబెట్టడం మేలన్న దృక్పథాన్ని అది బలపరచింది.

ఇక్కడ మన సమాజం అద్దంలో చూచుకోవలసిన ఒక ఘట్టాన్ని దాటవేయడం ధర్మం కాదు. 1934లో అంబేద్కర్ తన అనుచరులతో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట చూడబోయారు. రంజాన్ మాసం. కోట ద్వారం దగ్గరి చిన్న నీటితొట్టెలో వారు ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. వెంటనే ఒక వృద్ధ ముసల్మాను నీళ్ళు మైలపడ్డాయని కేకలు వేస్తూ పరుగెత్తి వచ్చాడు. గుంపు చేరింది. చివరకు, కోటలో ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడడానికి ఒక సాయుధ సైనికుణ్ణి వెంట పంపి లోనికి అనుమతించారు. సమానత్వాన్ని మూలసూత్రంగా బోధించే మతంలో, ఒకే వరుసలో భుజం భుజం ఆనించి నమాజు చేసే సమాజంలో, ఉపవాస మాసంలో ఇది జరిగింది. అల్పసంఖ్యాకులుగా మనకు జరిగే అన్యాయాన్ని గురించి మాట్లాడే హక్కు మనకున్నది. ఆ హక్కుతోపాటే, మన చేతిమీదుగా ఇతరులకు జరిగే అన్యాయాన్ని ఒప్పుకునే బాధ్యత కూడా ఉన్నది.

అంబేద్కర్ ఈ అనుభవాలన్నీ - సతారా కుళాయి, గోరేగావ్ బండి, బరోడా వసతిగృహం, చాలీస్‌గావ్ టాంగా, దౌలతాబాద్ నీటితొట్టె - వెయిటింగ్ ఫర్ ఎ వీసా అనే చిన్న రచనలో పొందుపరచారు. పట్టుమని ఇరువది పుటలు ఉండే ఆ రచన ఆయన మరణానంతరం 1990లో పుస్తక రూపంలో వెలువడింది. అందులో ఆవేశం తక్కువ, వివరం ఎక్కువ. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఎవరేమి చేశారు అన్నది న్యాయస్థానంలో వాంగ్మూలం చెప్పినట్లుగా ఉంటుంది. గాయాన్ని తలచి ఏడ్వడం ఒకటి. దానిని తేదీతో సహా నమోదు చేయడం మరొకటి. రెండవది చేయడానికే ఎక్కువ గుండెనిబ్బరం కావాలి.

దేశం స్వతంత్రమైన తరువాత 1947 ఆగస్టులో రాజ్యాంగ రచనా సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. ఒకనాడు మూలన కూర్చున్న విద్యార్థి ఇప్పుడు దేశానికి నియమాలు కూర్చే స్థానంలో కూర్చున్నారు. రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాల వద్ద కులమతాల పేర ఆంక్షలు ఉండరాదని శాసించింది. ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలో మతం, జాతి, కులం, భాష అన్న కారణాలతో మాత్రమే ఏ పౌరునికీ ప్రవేశం నిరాకరించరాదని 29వ అధికరణం నిర్దేశించింది. ఆ వెంటనే వచ్చే 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. మన వంటి కళాశాలలు నిలబడి ఉన్నది ఆ అధికరణం మీదనే. రెండు అధికరణాలు రాజ్యాంగంలో ప్రక్కప్రక్కన ఉన్నాయి. ఒకటి మన తలుపు మనకు ఇచ్చింది. మరొకటి ఆ తలుపు ముందు ఎవరినీ పుట్టుక అడిగి ఆపవద్దన్నది.

విద్యారంగంలో ఆయన కృషి చట్టాలతో ఆగలేదు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడుగా ఉన్నప్పుడు ఆయన కృషి వల్లనే షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర విద్యార్థి వేతనాలు 1944లో మొదలయ్యాయి. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను, 1950లో ఔరంగాబాదులో మరొక కళాశాలను నెలకొల్పారు. ఔరంగాబాదు ఆనాడు హైదరాబాద్ రాష్ట్రంలోనిది. దానికి మిళింద కళాశాల అని పేరు నిలిచింది. నాగసేనుడనే బౌద్ధ భిక్షువును ప్రశ్నలతో ముంచెత్తి, సమాధానాలు విని తృప్తిపడిన గ్రీకు రాజు మిళిందుడు. ప్రశ్నించే స్వభావానికి గుర్తుగా ఆ పేరు. ఆ కళాశాల నుంచి దౌలతాబాద్ కోట సుమారు పదిహేను కిలోమీటర్ల దూరం. తనకు నీళ్ళు నిరాకరించిన చోటికి అంత దగ్గరలో ఆయన అందరి పిల్లలకు చదువుల చలివేంద్రం పెట్టారు. ఇంతకంటె ఉదాత్తమైన ప్రతీకారం ఏముంటుంది! 1953 జనవరి 12వ తేదీన హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. ఉర్దూ బోధనాభాషగా ఆరంభమైన విశ్వవిద్యాలయం, ఉర్దూలో నీళ్ళడిగి భంగపడిన బాలుణ్ణి ఆ విధంగా సత్కరించింది.

1956 అక్టోబరు 14వ తేదీన నాగపూరులో లక్షలాది అనుచరులతో బౌద్ధధర్మాన్ని స్వీకరించారు. అదే సంవత్సరం డిసెంబరు 6వ తేదీన ఢిల్లీలో పరమపదించారు.

విద్యార్థి మిత్రులారా, ఈ జీవితం నుంచి మనం గ్రహించవలసినది ఏమిటి? మన తరగతులలో గోనెపట్టలు లేవు. నిజమే. కాని మూలలు లేవా? గ్రామం నుంచి వచ్చినవాని ఉచ్చారణను అనుకరించి నవ్వడం, తెలుగు రాని ఉర్దూ విద్యార్థిని, ఉర్దూ రాని తెలుగు విద్యార్థిని వెక్కిరించడం, కులాన్ని బట్టి మారుపేరు పెట్టడం, బురఖా ధరించే అమ్మాయిని, ధరించని అమ్మాయిని కూడా గుసగుసలతో బాధించడం, వికలాంగుని నడకను పరిహసించడం, కొత్తగా చేరినవారిని ర్యాగింగు పేరుతో హింసించడం - ఇవన్నీ నేటి గోనెపట్టలే. వాటిపై కూర్చున్నవాడు ప్రతి సాయంత్రం ఆ పట్టను ఇంటికి మోసుకొని పోతున్నాడు. తల్లిదండ్రులకు మాత్రం అది కనబడదు.

బాధితుడు చేయవలసినది, తనకు జరిగినది దాచుకోకుండా చెప్పడం. ఏ రోజు, ఏ చోట, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు - ఇంత వ్రాసి ఇవ్వడం. ధార్వాడ్ బాలుడు చేసినది అదే, అంబేద్కర్ చేసినది అదే. చూచినవాడు చేయవలసినది ఇంకా ముఖ్యం. సతారా తరగతిలో ఒక్క పిల్లవాడు లేచి వెళ్ళి కుళాయి తిప్పి ఉంటే ఆ రోజుకు ఆ దాహం తీరేది. బంట్రోతు వచ్చేదాకా ఎదురుచూడవలసిన పని లేదు. తోటివాని పక్షాన సాక్ష్యం చెప్పడం చాడీలు చెప్పడం ఎంతమాత్రం కాదు.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. 1856లో బొంబాయి ప్రభుత్వం చేసిన పొరపాటు న్యాయం తెలియక చేసినది కాదు; తెలిసి, మిగిలినవారు ఏమనుకుంటారో అన్న జంకుతో చేసినది. సంస్థ పేరు చెడుతుందని అర్జీని సొరుగులో పెట్టే ప్రతి చోటా ఆ తీర్పే మళ్ళీ వెలువడుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగు నిషేధ చట్టం, ఫిర్యాదు అందినా చర్య తీసుకొనని విద్యాసంస్థ అధిపతిని కూడా నేరానికి తోడ్పడినవానిగా పరిగణిస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం బడిపిల్లలపై శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. చట్టాలకు కొదవ లేదు. విద్యార్థి భయపడకుండా వెళ్ళి చెప్పుకోగల ఒక గది, ఒక మనిషి, అందిన ప్రతి ఫిర్యాదునూ వ్రాసుకొనే ఒక పుస్తకం, చెప్పినవాని పేరు బయటపడదన్న నమ్మకం - ఇవి ఉండాలి. ఫిర్యాదు చేసినవాణ్ణే వేరే తరగతికో, వేరే గదికో మార్చడం పరిష్కారం కాదు. అది మళ్ళీ అతణ్ణి మూలన కూర్చోబెట్టడమే అవుతుంది.

ఏటా ఏప్రిల్ 14న మనం అంబేద్కర్ చిత్రపటానికి పూలమాల వేస్తాం. వేయవలసినదే. ఆ మాల వేసి వెనుదిరిగినప్పుడు మన తరగతి గదిని ఒక్కసారి కలయజూడాలి. ఏ మూలన ఎవరు ఒంటరిగా కూర్చున్నారో కనుగొని, వెళ్ళి వారి ప్రక్కన కూర్చోవాలి. సతారాలో ఆ బాలుడు ఎదురుచూచినది అంతకుమించి మరేమీ కాదు.